సగం పాత మట్టి

"చిగురు వచ్చిండాది మ్మా" అన్నాడు మామ. అంతే, ఫోన్ పెట్టేశాడు. ఆయన మాట్లాడటం ఎప్పుడూ ఇంతే, రాయి మీద అక్షరాలు చెక్కుతున్నట్టు, ఒక అక్షరం తగ్గితే ఒక పూట పని తగ్గుతుందన్నట్టు. నేను నంద్యాలలో మా పరీక్షా కేంద్రం ఆఫీసు గుమ్మం ముందు, ఒక చేతిలో టిఫిన్ క్యారియర్, ఇంకో చేతిలో ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పొద్దున ఎనిమిదింటికి డ్యూటీకి వచ్చిన మా అందరి ఫోన్లూ ఒక అట్టపెట్టెలో వేయించుకుంటారు, పరీక్ష అయిపోయి జవాబు పత్రాలు కట్టలు కట్టి అప్పజెప్పాకే తిరిగి ఇస్తారు. ఈ రోజు తీసి చూస్తే ఏడు మిస్డ్ కాల్స్, ఏడూ మామవే. ఆయన ఒక మనిషికి ఒక రోజులో రెండుసార్లు ఫోన్ చేయడం నా పెళ్ళయిన ఈ నాలుగు నెలల్లో నేను చూడలేదు. చెట్టు పోయిందనుకున్నాను. పోయిందని చెప్పడానికే ఏడుసార్లు చేశాడనుకున్నాను, తిరిగి చేస్తూ గోడకు అంటించిన హాల్‌టికెట్ నంబర్ల కాగితాన్ని అక్షరం అక్షరం చదివాను, అక్కడ ఏముందో ఇప్పుడడిగితే చెప్పలేను. చిగురు వచ్చిండాది. కాలేజీ గేటు దాటాక గానీ నేను నవ్వుతున్నానని నాకు తెలియలేదు. బస్టాండు ఎదురుగా బండి దగ్గర ఆగి నన్నారి షర్బత్ ఒకటి తాగాను, తాగి ఇంకొకటి అడిగాను, రెండోది ఎవరికమ్మా అన్నాడు బండాయన, చెట్టుకు అన్నాను, ఆయన నవ్వకుండా ఇంకొంచెం ఐస్ వేశాడు.

ఒంటిగంట బస్సు. ఎడమవైపు కిటికీ సీటు దొరికింది, ఈ రోజు ఇంకేం అడిగినా దొరికేట్టుంది. ఎడమవైపు కూర్చుంటే ఆళ్ళగడ్డ దాకా నల్లమల మనతోపాటే వస్తుంది, ఎండాకాలం మొదట్లో కొండలు కొంచెం ఊదారంగులో, అప్పుడే నీళ్ళలో ముంచి పిండి ఆరేసినట్టు ఉంటాయి. కండక్టర్ ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు చింపి ఇచ్చింది, దాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకున్నాను, ఈ టికెట్టు దాచుకోవాలి, ఈ రోజుది. ఫోన్‌కి మా ఆయన త్రివిక్రమ్ పంపిన ఫోటో వచ్చింది, సగం ఫోటో నిండా అతని బొటనవేలే, మిగతా సగంలో ఏదో పచ్చగా మసగ్గా ఉంది. పెద్ద చేసి చూశాను, చిన్నది చేసి చూశాను. ముదురాకుపచ్చ కొసల మీద పెసలు నానేసి గుడ్డలో కట్టినప్పుడు మర్నాడు తెల్లగా, పచ్చగా ముక్కులు పొడుచుకొస్తాయే, అలాంటివి మూడు. కాదు, నాలుగు. నాలుగోది అతని గోరేమో. అతని గోరైనా నాకు అభ్యంతరం లేదు, ఆ గోటి కింద ఎప్పుడూ రాతిపొడి ఉంటుంది, కనురెప్పల మీదా ఉంటుంది, సాయంత్రం పని దిగి వచ్చేసరికి అరవై ఏళ్ళ ముసలాయనలా తెల్లటి రెప్పలతో నిలబడతాడు, నేను ఉఫ్ అని ఊదితే ఇరవై ఏడేళ్ళవాడైపోతాడు. పెరుగన్నంలో కూడా పంటికింద కరకరమంటుంది ఆ ఇంట్లో. మొదటి వారం అన్నంలో రాళ్ళు ఏరేదాన్ని, ఇప్పుడు అది లేకపోతే ఉప్పు తగ్గినట్టనిపిస్తుంది.

ఇరవై ఏడేళ్ళే ఆ చెట్టుకూ. మామ బెంగళూరులో ఎవరి ఇంటికో రాతి స్తంభాలు నిలబెట్టడానికి పోయినప్పుడు ఆ ఇంటాయన పెరట్లో జూనిపర్ చెట్లు బోన్సాయ్‌లుగా, మరుగుజ్జుల్లా కుండీల్లో ఉంటే చూసి, పని అయిపోయాక కూలి కాకుండా ఇంకేం కావాలయ్యా అంటే ఇది అని చూపించాడట, ఆయన వేలెడు కొమ్మ నాటి ఇచ్చాడట. అదే వారం ఇక్కడ త్రివిక్రమ్ పుట్టాడు. చలి కొండల మీద పెరిగే జాతి అది, ఆకులు ఆకుల్లా ఉండవు, పొలుసు మీద పొలుసు వేసి జడలల్లినట్టు ఉంటాయి. కొడుకు ఆరడుగులు పెరిగాడు, చెట్టు మూరెడు పెరిగింది. వామనుడికి త్రివిక్రముడి పేరు పెట్టాల్సింది పోయి పొరపాటున కొడుక్కి పెట్టినా అని మామ అంటాడు, ఆయన వేసే జోకు ఇదొక్కటే, ఏడాదికి రెండుసార్లు. దానికి పళ్ళెం కూడా ఆయనే చెక్కాడు, నల్లరాతిలో, జానెడు వెడల్పు, నాలుగు వేళ్ళ లోతు, అడుగున నీళ్ళు పోయేందుకు నాలుగు బెజ్జాలు, అంచు మీద ఏ పువ్వూ లతా లేకుండా ఉత్తగా. భారతమ్మత్త ఆ చెట్టును పేరు పెట్టి పిలవదు, సవతి అంటుంది. మీ మామ దానికి పోసే స్నానాల్లో సగం ఆయన చేసుంటే ఈ కొంప బాగుపడుండేది అంటుంది. అంటూనే మామ ఊరికి పోయినప్పుడు రెండు పూటలా చెంబుతో నీళ్ళు చిలకరిస్తుంది, ఎవరూ చూడనప్పుడు, నేను చూశాను.

బస్సు ఊరు దాటింది. చెనగ కోసేసిన చేలు రెండువైపులా నల్లగా, ఎండకు నోళ్ళు తెరుచుకుని. ఆ పగుళ్ళలో చెయ్యి పెడితే మోచేయి దాకా పోతుంది, చిన్నప్పుడు దొర్నిపాడులో మా చేలో పెట్టి చూసేదాన్ని, లోపల చల్లగా ఉండేది, పాములుంటాయి తియ్యవే అని నాయన అరిచేవాడు. నల్లరేగడి. మా నాయన సుబ్బయ్యకు ప్రపంచంలో మట్టి అంటే అదొక్కటే, మిగతావన్నీ దుమ్ము. నేను నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు పరిచయమైన త్రివిక్రమ్‌ను చేసుకుంటానని చెప్పినప్పుడు ఆయన కులం అడగలేదు, జీతం అడగలేదు, ఎన్నెకరాలు అని అడిగాడు. ఎకరాలు లేవు నాయనా, విగ్రహాలు చెక్కే షెడ్డు ఉంది అన్నాను. ఆయన ఒక నెల నాతో సరిగా మాట్లాడలేదు. నెల తర్వాత ఒకనాడు అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు, "రాళ్ళ మధ్య ఏం మొలుస్తాది ఇంద్రజా?" అని అడిగాడు. నేను బోటనీ ఎమ్మెస్సీ, రోజూ అరవై మంది పిల్లలకు వేరు గురించి చెప్పేదాన్ని, ఆయన కంచంలో ఇంకొంచెం మజ్జిగ పోసి లోపలికి పోయాను.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆడపిల్లను సాగనంపేటప్పుడు మా చేను మట్టి పిడికెడు కొత్త తువ్వాల్లో కట్టి ఇస్తారు, అత్తారింట్లో ఏదైనా చెట్టు మొదట్లో ఆ మట్టి వేయాలి, వేస్తే ఆ ఇంట్లో కాలు నిలుస్తుందని. మా మేనత్త బండి ఆత్మకూరులో జామచెట్టుకు వేసింది, మా అక్క నందికొట్కూరులో కరివేపాకు చెట్టుకు వేసింది. పిడికెడు. మా నాయన ఏదీ పిడికెడు ఇచ్చే మనిషి కాదు. తువ్వాల పక్కన పడేసి యూరియా సంచి దులిపి సగం దాకా నింపి, మూతి పురికోసతో కట్టి, పెళ్ళి కారు డిక్కీలో తనే ఎత్తి పెట్టాడు, ఆయన పట్టు పంచె మోకాళ్ళ దగ్గర నల్లగా మరక అయింది. డిక్కీ మూత మీద రెండుసార్లు తట్టాడు, ఎద్దు వీపు మీద తట్టినట్టు. నెలరోజుల మౌనం అప్పుడు తీరిపోయిందని నాకర్థమైంది, కళ్ళు తుడుచుకుంటే కాటుక పోతుందని తుడుచుకోలేదు. ఆ సంచి అక్కడికి తీసుకుపోతే ఆ ఇంట్లో నేల మీద పెరిగే చెట్టే లేదు. వాకిలంతా బండలు, షెడ్డంతా రాళ్ళు, చెక్కుతున్న దేవుళ్ళు సగం సగం ముఖాలతో నిలబడి ఉన్నారు. చెట్టంటే ఒక్కటే చెట్టు, గోడ నీడన రాతి దిమ్మె మీద, రాతి పళ్ళెంలో. దగ్గరికి పోయి చూస్తే దాని మొదట్లో మట్టే లేదు. ఉలి దెబ్బకు రాలిన రాతి ముక్కలు, ఎర్ర ఇటుక ముక్కలు, అంతే, గులకల్లాంటివి. అయ్యో అనిపించింది. ఇన్నేళ్ళు దీనికి ఎవరూ గుప్పెడు మట్టి పెట్టలేదే అనిపించింది. మూడోనాడు మధ్యాహ్నం అందరూ నిద్రపోతుంటే పైన రాళ్ళు తీసి, దొర్నిపాడు మట్టి పళ్ళెం అంచుదాకా పోసి, చేత్తో అదిమి, బకెట్ నీళ్ళు పోశాను. మట్టి నీళ్ళు తాగుతూ చేసే ఆ చిన్న చప్పుడు విని ఎంత సంతోషమైందో. సాయంత్రం మామ పని దిగి వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. నాయన మట్టి మామా, మా ఇంట్లో ఆనవాయితీ అన్నాను. ఆయన నా ముఖం చూశాడు, చెట్టును చూశాడు. మంచి మట్టి మ్మా అన్నాడు, పోయి కాళ్ళు కడుక్కున్నాడు.

పక్క సీట్లోకి ఒకామె వచ్చి కూర్చుంది, ఒళ్ళో పూలసజ్జలాంటి ప్లాస్టిక్ బుట్ట, అందులో మందుల పెట్టెలు, శిరివెళ్ళలో నర్సట, పేరు లూదియా అని బ్యాడ్జీ మీద ఉంది. నేను ఫోన్ చూసి నవ్వడం, కిటికీలోంచి చూసి నవ్వడం ఆమె కాసేపు ఓర్చుకుంది.

"ఏందమ్మా, నీలో నువ్వే నగుతాండావ్?"

"చెట్టు బతికిందక్కా."

"ఏం చెట్టు?"

జూనిపర్ అన్నాను. కాయలు కాస్తాదా అంది. కాయదు. పూలు పూస్తాదా అంది. చెప్పుకోదగ్గవేం లేవు. నీడ అంది. నేను చేత్తో మూరెడు కొలిచి చూపించాను. ఆమె నా చెయ్యి చూసి, నా మెడలో ఇంకా పసుపు వదలని తాడు చూసి, "కొత్తగా పెండ్లయిందా" అంది, దానితో ఆమెకు అన్నీ అర్థమైపోయాయి.

పాపం ఆమెకెలా చెప్పను. రేగడి మెత్తటి మట్టి, చేలో అయితే దాని కింద పన్నెండడుగుల లోతుంది, నీళ్ళు పోవడానికి, గాలి రావడానికి పగుళ్ళున్నాయి. నాలుగు వేళ్ళ రాతి పళ్ళెంలో అది నీళ్ళతో కలిసి రాళ్ళ సందుల్లోకి దిగి, నాలుగు బెజ్జాలూ మైనంతో మూసినట్టు మూసేసింది. డిసెంబరంతా పైన తడి ఆరలేదు. జనవరిలో కొసలు రంగు తగ్గాయి, చెట్టుకు జ్వరం వచ్చినట్టు, పచ్చలోంచి మెరుపు మాత్రం పోయింది. నాకు అర్థమైంది సంక్రాంతి సెలవుల తర్వాత, క్లాసులో, బోర్డు మీద వేరు కొస బొమ్మ గీస్తూ, వేర్లు కూడా ఊపిరి పీలుస్తాయి అని నా నోటితో నేనే చెబుతూ. సుద్దముక్క చేతిలోనే ఆగిపోయింది. ముందు బెంచీ పిల్లలు ఏమైంది మేడం అన్నారు. ఆ సాయంత్రం బస్సు దిగి సరాసరి చెట్టు దగ్గరికి పోయి పళ్ళెం మట్టిలో వేలు గుచ్చి వాసన చూశాను, కుళ్ళిన వాసన, మురుగు వాసన. మామ షెడ్డులోంచి చూస్తున్నాడు. నేను చంపేశాను మామా అన్నాను. మామ ఉలి కింద పెట్టి, మాఘం రానీ అన్నాడు. మాఘంలో మారుస్తాం, అప్పటిదాకా నీళ్ళు ఆపు.

మాఘమాసం మొదటి ఆదివారం. అంతా నాకు గుర్తుంది, గంట గంటకూ. షెడ్డు నీడలో పాత బల్ల, దాని మీద తడి గోనె. త్రివిక్రమ్ రాతి ముక్కలను రెండు జల్లెళ్ళలో జల్లించాడు, పెద్దవి ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప, పొడి అంతా పారబోశాడు, పొడి ఉంటే మళ్ళీ బెజ్జాలు మూసుకుంటాయని. ఇటుక ముక్కలు, చివికిన ఆకు ఎరువు గుప్పెడు. బెజ్జాలకు దోమతెర ముక్కలు. అన్నీ సిద్ధమయ్యాక మామ బల్ల ముందు కూర్చోలేదు, నన్ను కూర్చోమన్నాడు. నేనెందుకు మామా, నా చేతుల్తోనే పాడైంది అన్నాను. ఆయన తన కుడిచేయి నా ముందు చాపాడు. ముప్పై ఏళ్ళు ఉలి, తర్వాత పదేళ్ళు గ్రైండర్ మిషన్, వేళ్ళ కొసలు తిమ్మిరెక్కి మొద్దుబారిపోయాయి, దేవుడి కన్ను ఇంకా చెక్కగలడు గానీ దారమంత వేరు తగిలితే ఆయన వేలికి తెలియదు. నీ వేళ్ళకు తెలుస్తాది అన్నాడు. వెదురుపుల్ల నా చేతిలో పెట్టాడు.

పళ్ళెం అంచు చుట్టూ పుల్ల తిప్పి, కింద చెట్టును కట్టి ఉంచిన తీగ కత్తిరించి, మొదలు పట్టుకుని పైకెత్తితే చెట్టు మొత్తం పళ్ళెం ఆకారంలో వచ్చేసింది, కేకు వచ్చినట్టు. అంత తేలిక. ఇరవై ఏడేళ్ళు అంత తేలికగా చేతిలోకి వస్తాయనుకోలేదు. నల్లగా, జిగటగా, ఒకవైపు వేర్లు మెత్తబడి, పట్టుకుంటే తోలు ఊడివస్తోంది. పుల్లతో మొదట్నుంచి బయటికి, తలలో చిక్కు తీసినట్టు తియ్యమన్నాడు. తీశాను. కుళ్ళినవి కత్తెరతో తీసేశాను. మట్టి జారిపోతుంటే నాకు ఊపొచ్చింది, అంతా కడిగేస్తే పోతుంది కదా, ఒక్కసారిగా శుభ్రంగా, నా తప్పు ఆనవాలు కూడా లేకుండా, మగ్గు చేతిలోకి తీసుకున్నాను. మామ నా మణికట్టు పట్టుకున్నాడు. ఆయన నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

"సగమే మ్మా. ఈ జాతికి అంతా తీస్తే బతకదు. పాత మట్టిలోనే దాని బలముంటాది. ఈ ఏడు సగం, వచ్చే ఏడు సగం."

అప్పుడు చూశాను, ఆయన చూపించిన వైపు, ఉంచాల్సిన సగంలో, పాత రాళ్ళ మధ్య సన్నటి తెల్లటి బూజు తీగలు, అవి చెట్టుకు చుట్టాలు, వేర్లకు తిండీ నీళ్ళూ అందిస్తాయి, నేను పుస్తకంలో చదివి పిల్లలకు చెప్పినవే, ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అక్కడే ఒక గోళీకాయంత నల్లరేగడి ఉండ ఇరుక్కుని ఉంది, దాన్ని ఒక చిన్న తెల్ల వేరు చుట్టుకుని పట్టుకుంది. కుళ్ళలేదు. బాగుంది. పుల్లతో దాన్ని తీయబోతే మామ వద్దన్నాడు, పట్టుకున్నదాన్ని పట్టుకోనీ అన్నాడు. అలాగే ఉంచాను. పళ్ళెంలో పెద్ద ముక్కలు, వాటి మీద చిన్నవి గుట్టగా పోసి, చెట్టును దాని మీద కూర్చోబెట్టి, అటూ ఇటూ తిప్పి కుదురుగా ఆనించి, బెజ్జాల్లోంచి తెచ్చిన తీగతో కదలకుండా కట్టి, మిగతావి పోసి పుల్లతో వేర్ల సందుల్లోకి, ఒక్క ఖాళీ కూడా లేకుండా, గుచ్చి గుచ్చి దించాను. రాళ్ళు వేర్ల మధ్య సర్దుకుంటూ కిచకిచమన్నాయి. చివర నీళ్ళు పోస్తే కింద నుంచి నల్లగా, తర్వాత బూడిదరంగులో, తర్వాత తేటగా వచ్చాయి, తేటగా వచ్చేదాకా పోయమన్నాడు, పోశాను, నా నడుము విరిగింది, అయినా ఆ తేట నీళ్ళను చూస్తూ కూర్చున్నాను. భారతమ్మత్త గుమ్మంలోంచి, సవతికి సీమంతం అయిందా, అన్నాలకు లేస్తారా అని అడిగింది.

ఆ రాత్రి త్రివిక్రమ్ చెప్పాడు. మా నాయన ఆ రోజే చూసినాడు, నువ్వు మట్టి పోసిన రోజే, అప్పుడే తీసేస్తే ఏమీ అయ్యేది గాదు. మరి ఎందుకు తీయలేదు అన్నాను. నేనూ అదే అడిగితినని చెప్పి, మామ అన్న మాట మామ గొంతుతోనే అన్నాడు: "కొత్త కోడలు పుట్టింటి మట్టి పోస్తే మూడోనాడే తీసి పారబోస్తామా? చెట్టు పోతే ఇంకో కొమ్మ తెచ్చుకుందాం."

ఇరవై ఏడేళ్ళు. ఇంకో కొమ్మ తెచ్చుకుంటాడట. నేను ఆ మాట విని చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకున్నాను, త్రివిక్రమ్ నన్ను ఏడిపించడానికి, ఏమైతేనేం నా కవలను చంపబోతివి అన్నాడు, నేను నవ్వలేదు, అప్పుడు అతనికి భయమేసి లేచి నాకు నీళ్ళు తెచ్చిచ్చాడు. అప్పటినుంచి ఈ చెట్టు బతకడం నాకు చెట్టు సంగతి కాదు. అది చస్తే వాళ్ళెవరూ నన్నేమీ అనరు. ఏమీ అనని ఆ ఇంట్లో నేను ఎలా తిరుగుతాను, ఆ ఖాళీ దిమ్మె ముందునుంచి రోజూ ఎలా నడుస్తాను. పైగా ఈ జాతిది ఒక పాడు గుణం, చచ్చిపోయినా నెలా నెలన్నర దాకా పచ్చగానే ఉంటుంది, చచ్చిన సంగతి దానికే తెలియనట్టు. పచ్చగా ఉందని సంతోషపడటానికి లేదు. కొసన కొత్త లేతపచ్చ వస్తేనే బతికినట్టు. ఆరువారాలు నీడలో పెట్టి, పొద్దునా సాయంత్రం ఆకుల మీద నీళ్ళు చిలకరించి, ఎరువు వేయకుండా, కదపకుండా, నేను రోజూ బస్సెక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి కొసలు చూసేదాన్ని. బస్సు శిరివెళ్ళలో ఆగింది. లూదియా దిగుతూ, నీ చెట్టుకు దిష్టి తగలకుండా చూసుకో అంది, మూరెడు చెట్టుకు దిష్టి కూడా మూరెడే తగులుతాదిలే అని తనే అంది, నవ్వుకుంటూ బుట్ట ఎత్తుకుని పోయింది.

ఇంకొక సంగతి ఉంది. దాన్ని తలుచుకోకుండా ఇంతదూరం వచ్చాను, శిరివెళ్ళ దాటాక కుదరడం లేదు. నాయన. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు, వానలు, చెనగ ధర, అమ్మ మోకాళ్ళు, అన్నీ అయ్యాక చివర్లో, ఫోన్ పెట్టబోతూ గుర్తొచ్చినట్టు, మన మట్టి పోసిన చెట్టు ఎట్లుండాది అంటాడు. గుర్తొచ్చినట్టే అంటాడు గానీ దాని కోసమే చేశాడని నాకు తెలుసు. బాగుంది నాయనా అంటాను. పదిసార్లు అన్నాను. చూసిపోతా ఒకసారి అంటాడు, పరీక్షలు నాయనా, డ్యూటీలు నాయనా అంటాను. రాళ్ళ మధ్య ఏం మొలుస్తాదని అడిగిన మనిషి, తన చేను మట్టిని తనే ఎత్తి కారులో పెట్టిన మనిషి, ఆ మట్టే రాళ్ళ మధ్య హాయిగా ఉన్న చెట్టుకు ఊపిరాడకుండా చేసిందని నేను ఎట్లా చెప్పేది. చెప్పకుండా ఉండటం కూడా ఒక రకం రేగడే, తడి ఆరదు, బెజ్జాలు మూసుకుంటాయి. ఇలాంటివి మనసులో అనుకోవడానికి బాగుంటాయి, ఫోన్‌లో నాయనకు చెప్పలేం.

కానీ చిగురు వచ్చింది కదా. మూడు, నాలుగోది గోరు కాకపోతే నాలుగు. చిగురు వచ్చాక చెప్పలేనిది ఏముంటుంది. బస్సు ఆళ్ళగడ్డ చేరేలోపే నాకు ధైర్యం వచ్చేసింది, ధైర్యం కూడా కొసల్లోనే వస్తుందేమో. ఊరు దగ్గరపడుతుంటే ముందు కనిపించేది ఇళ్ళు కాదు, రోడ్డు పక్కన వరసగా నిలబడ్డ బొమ్మలు, దేవుళ్ళు, నాయకులు, సింహాలు, వాటి మధ్య టార్పాలిన్ నీడలో టక్ టక్ టక్ అని ఉలి చప్పుళ్ళు, ఒక్కో షెడ్డుది ఒక్కో తాళం. మొదట్లో నాకు తలనొప్పి వచ్చేది. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఏది మా షెడ్డో చెప్పగలను, మామది రెండు దెబ్బలు, ఒక ఆగడం.

దిగి నడవలేదు, దాదాపు పరిగెత్తాను, క్యారియర్ గణగణలాడుతుంటే. చెట్టు దిమ్మె మీద ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. నాలుగు కాదు, పదకొండు. లెక్కపెట్టాను, మళ్ళీ లెక్కపెట్టాను, లేతపచ్చ, ముదురాకుల కొసల్లో ఆవగింజంత ఆవగింజంత వెలుతురు. పాత మట్టి ఉంచిన సగం వైపే ఎక్కువ. వెనక త్రివిక్రమ్ వచ్చి నిలబడ్డాడు, నేను ఏమంటానోనని చూస్తున్నాడు, నేను లేచి అతని రెప్పల మీద ఉఫ్ అని ఊదాను, వాళ్ళ నాయన ముందే, పట్టపగలు. మామ పక్కకు తిరిగి ఏదో వెతుక్కున్నట్టు చేసి, గోనెపట్టా కప్పిన ఒక రాయి దగ్గరికి పోయి పట్టా లాగాడు. ఈ నెలరోజులుగా ఆయన సాయంత్రాలు దాని మీద పని చేస్తుంటే ఏదో ఆర్డరు అనుకున్నాను. తొట్టి. మోకాలెత్తు, లోతుగా, అంచు మీద ఏ పువ్వూ లేకుండా ఉత్తగా, అడుగున చేతి వెడల్పు బెజ్జం. లోపల సగం దాకా నల్లమట్టి, ఎండి, నెరియలు విచ్చి. పళ్ళెంలోంచి నేను తీసిందీ, సంచిలో మిగిలిందీ, ఒక్క గుప్పెడు పారబోయలేదు.

"మట్టి మంచిదే మ్మా, పళ్ళెమే చాలలేదు. దీంట్లో ఏం పెడ్తావో నీ ఇష్టం."

ఏం పెట్టాలో నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. రేగడిలో ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా, మా చేను గట్టు మీద ఎవరితోనూ పనిలేకుండా పెరిగేది ఒకటే ఉంది. అక్కడే నిలబడి నాయనకు ఫోన్ చేశాను. శనివారం చేస్తాండావే, ఏమైంది అన్నాడు. అంతా చెప్పాను, మట్టి పోయడం, కుళ్ళడం, పదిసార్లు బాగుందని అబద్ధం చెప్పడం, మామ చూసి కూడా ఊరుకోవడం, పదకొండు చిగుళ్ళు. అవతల ఎక్కడో ట్రాక్టర్ పోతున్న చప్పుడు.

"బోటనీ చదివిస్తిని గదే నిన్ను" అన్నాడు.

"చదివించినావు నాయనా."

"రాళ్ళలో మొలిచిందా అయితే."

"మొలిచింది. నీ మట్టి ఉండ ఒకటి పట్టుకుని మొలిచింది. నువ్వు రేపు పొద్దున తొలి బస్సుకు రా. గట్టు మీద తుమ్మ మొక్కలుంటాయి చూడు, జానెడుది ఒకటి, వేరు తెగకుండా మట్టిగడ్డతో తవ్వుకొని రా. రేపు నువ్వే నీ చేత్తో నాటాల."

కూతురింటికి తుమ్మ ఎవరన్నా తెస్తారా, ఊరంతా నగుతారు అని గొణిగాడు. గొణుగుతూనే ఏ గట్టు మీదిది అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే మామ నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, పెళ్ళయ్యాక వియ్యంకుడితో ఆయన మాట్లాడటం ఇదే మొదటిసారి.

"బావా, రేపు ఎండ ఎక్కకముందే బేగా రా. తొట్టి కొంచెం వెలితిగా ఉండాది, మట్టి గూడా పిడికెడు తెచ్చుకో." ఒక క్షణం ఆగాడు. "పిడికెడే."